దోసిలంత ఖాళీ

ఎగ్జామినర్ మేడమ్ కారు అంబర్‌పేట్‌లో ఇరుక్కుపోయిందట, గోల్నాక దగ్గర ఏదో ఊరేగింపు అడ్డం వచ్చిందట, ఇంకో గంటైనా పడుతుందట అని డిపార్ట్‌మెంట్ గుమస్తా వచ్చి చెప్పి వెళ్లాడు. హాల్లో అందరూ ఉసూరుమన్నారు. నేను మాత్రం చివరి వరసలో కిటికీ పక్కన కాళ్లు చాపుకుని హాయిగా కూర్చున్నాను, రానీ, మెల్లగా రానీ, ఇన్నేళ్లు ఆగినదానికి ఇంకో గంట ఒక లెక్కా, పైగా ఇక్కడి నుంచి ప్రొఫెసర్ పరుశురాం మెడ భేషుగ్గా కనపడుతుంది, ముందు వరస, మధ్య కుర్చీ, కొత్తగా రంగేసిన జుట్టు, చెవి వెనక ఆ రంగు మరక కొంచెం మిగిలిపోయింది, ఎవరూ చెప్పినట్టు లేరు, ఎవరు చెబుతారు, ఈ డిపార్ట్‌మెంట్‌లో మరకలు చూపించే హక్కు ఒక్క ఆయనకే కదా, నా చేతుల మీద లేని మరకను అందరి ముందు చూపించినవాడు, చూడు సారూ, నీ చెవి వెనక ఎంత మరకుందో, నేను చూస్తున్నాను, నేను వచ్చానని నీకింకా తెలియదు. నీకు తెలిసేదాకా ఈ గంటంతా నాది.

స్టేజీ మీద దివాకర్ లాప్‌టాప్ వైరుతో కుస్తీ పడుతున్నాడు, పెళ్లికొడుకులా కొత్త కోటు, చంకల్లో చెమట, ఈ రోజు అతని వైవా, అన్నీ సవ్యంగా జరిగితే సాయంత్రానికి డాక్టర్ దివాకర్ అయిపోతాడు. తెర మీద అతని థీసిస్ పేరు పెద్దక్షరాల్లో ఉంది, జంటగా పనిచేసే ఒక ప్రోటీన్ గురించి, జంట, ఆ మాట చూస్తే నాకు నవ్వొస్తుంది, అరికాలి మంట నెత్తికి ఎక్కుతుంది, రెండూ ఒకేసారి. అది నా ప్రోటీన్. నేను వదిలేసిన కుర్చీలో కూర్చున్నాడు, నేను వదిలేసిన సీసాలు వాడాడు, వదిలేసిన అంటున్నాను, అలా అనడం అలవాటైపోయింది, చుట్టాలు అడిగితే వదిలేశాననే చెబుతాను, వదిలేయలేదు, లాక్కున్నారు. వారం కింద ఎవరిదో తెలియని నంబరు నుంచి ఈ వైవా నోటీసు నా ఫోన్‌కు వచ్చింది, ముక్క మాట లేదు, ఉత్త నోటీసు, పాత లాబ్‌లో నాతో ఉన్న వనజ నంబరు మార్చిందేమో అనుకున్నాను, లేదా పుండు మీద కారం చల్లడానికి ఎవరైనా పంపారేమో, ఎవరైతేనేం, నోటీసు కింద రాసి ఉంది, ఇది ఓపెన్ వైవా, అందరూ ఆహ్వానితులే. అందరూ అంటే నేను కూడా. యూనివర్సిటీలో ఇంతకన్నా మంచి ఆచారం లేదు, రోడ్డు మీద పోయేవాడైనా వచ్చి కూర్చోవచ్చు, చెయ్యెత్తి ప్రశ్న అడగొచ్చు, అడిగితే ఆ పిల్లవాడే జవాబు చెప్పాలి, గైడ్ లేచి అడ్డం పడడానికి వీల్లేదు. ఆ నోటీసు చదివిన రోజే కంపెనీలో సెలవు చీటీ ఇచ్చాను, పెళ్లికా అని అడిగారు, అవునన్నాను.

ఒక్కటే ప్రశ్న. రోజూ నాచారంలో మందుల కంపెనీ నుంచి లాలాపేట్‌లో ఇంటికి వస్తూ బస్సులో దాన్ని చెక్కుకున్నాను, ఒక మాట తీసి ఒక మాట పెట్టి, ఇప్పుడది అద్దంలా ఉంది: ఈ ప్రోటీన్‌ను యాసిడ్ కలపకుండా, విప్పకుండా, మెత్తగా తూచి చూశారా? అంతే. తూచలేదంటే ఎగ్జామినర్ ఊరుకోదు, తూచకుండా జంట అని ఎలా తేల్చారంటుంది. తూచామంటే ఇంకా మంచిది, ఏదీ చూపించు అంటుంది, చూపిస్తే అందులో జంట ఉండదు, ఒంటరిది ఉంటుంది. ఎటు తిరిగినా గోడే. ఈ మాట మనసులో అనుకున్నప్పుడల్లా నాలుక మీద తీపి తగులుతుంది, అబద్ధమెందుకు, నాకింత తీపి పెళ్లి నాడు కూడా తగల్లేదు.

ప్రోటీన్ బరువు కనుక్కోవడానికి ఆ లాబ్‌లో రెండు దారులుండేవి. ఒకటి కాలమ్, సన్నటి పూసలు నింపిన పొడుగాటి గాజు గొట్టం, పైన పోస్తే పెద్ద అణువులు ముందు, చిన్నవి వెనక కిందికి దిగుతాయి, ఎప్పుడు దిగిందో చూసి బరువెంతో ఊహించాలి, తూకం కాదది, ఉత్త అంచనా, మనిషి తలుపు సందులోంచి ఎలా దూరాడో చూసి ఇన్ని కిలోలని చెప్పడం లాంటిది. రెండోది మాస్ స్పెక్ మిషన్, అది నిజంగా తూస్తుంది. నా ప్రోటీన్ కాలమ్‌లోంచి దిగితే ఒకదాని బరువుకు ఒకటిన్నర రెట్లు అని వచ్చేది, రెండు కాదు, ఒకటీ కాదు, ఒకటిన్నర. ఒకటిన్నర మనిషి ఎక్కడన్న ఉంటడా, ఇద్దరు రాస్కో అన్నాడు పరుశురాం సార్, రాసేశారు, పేపర్ అచ్చయింది, ప్రాజెక్టు వచ్చింది, జంట ప్రోటీన్ కనిపెట్టిన పరుశురాం అని శాలువా కప్పారు. నేను మిషన్‌లో తూచాను. యాసిడ్ పోసి తూస్తే ప్రోటీన్ మడతలన్నీ విడిపోయి దారప్పోగులా అయిపోతుంది, అప్పుడు బరువు సరిగ్గా ఒక్కదానిది. యాసిడ్ లేకుండా, దాని మడతల్లో దాన్ని ఉండనిచ్చి తూస్తే, అప్పుడూ ఒక్కటే, జంట కాదు, కానీ ఒకదాని బరువు కన్నా కాస్త ఎక్కువ, ఎప్పుడు తూచినా అంతే ఎక్కువ, ఒక చిన్న కొవ్వు అణువంత. అంటే లోపల ఖాళీ ఉంది. పెద్ద ఖాళీ. ఆ ఖాళీ వల్ల ఒళ్లు ఉబ్బి కాలమ్‌కు పెద్దగా కనపడింది, ఆ ఖాళీలో ఏదో కూర్చుంది కాబట్టి మిషన్‌కు కాస్త బరువు తూగింది, యాసిడ్ పోస్తే ఇల్లు కూలి లోపలున్నది జారిపోయింది. ఆ రోజు సాయంత్రం మిషన్ గదిలో ఒక్కదాన్నే నిలబడి ఆ గ్రాఫ్‌లో పెద్ద పీక్ పక్కనే మొనలా లేచిన చిన్న పీక్‌ను చూసి, ప్రపంచంలో ఈ సంగతి ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను.

"నువ్వు మా దివాకర్ దోస్తువా బిడ్డా?"

పక్క కుర్చీలో ఎప్పుడొచ్చి కూర్చుందో, పట్టుచీర, మెడలో గుండ్ల పేరు, ఒడిలో నాలుగైదు టిఫిన్ ప్యాకెట్లు, మొహం చూస్తే చెప్పనక్కర్లేదు, అదే ముక్కు, దివాకర్ తల్లి. వెనక వరసల్లో వాళ్ల ఊరి మందంతా ఉన్నారు, ఎవరో పూలదండ కవరు విప్పకుండా పట్టుకున్నారు. ఇదీ ఒక ఆచారమే, వైవా రోజు పిల్లవాడి ఇంటివాళ్లు వచ్చి సమోసాలు, స్వీట్లు పంచాలి, ఎగ్జామినర్‌కు భోజనం చెప్పాలి, మా నాన్న యోహాను కూడా నా వైవాకని ఒక తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు, రైల్వే వర్క్‌షాప్‌లో నూనె మరకల మధ్య పనిచేసినవాడికి తెల్ల చొక్కా అంటే మహా మోజు, నా వైవా రాలేదు, ఆ చొక్కా ఆయన చర్చికి వేసుకుపోయి వేసుకుపోయి చిరిగింది.

"కాదమ్మా. ఆయన కన్న ముందుగాల గీ లాబ్‌లనే చేసిన," అన్నాను.

"గట్లనా. అయితే పెద్దక్కవన్నట్టు. నన్ను స్వరూప అంటరు, దివాకర్ అమ్మను. గిది తీస్కో, సమోస, చల్లగయితే మంచిగుండది."

"తర్వాత తింటనమ్మా."

తినను. ఈ బిల్డింగ్‌లో మెతుకు ముట్టనని, మంచినీళ్లు కూడా తాగనని ఒట్టు పెట్టుకుని బయటికి నడిచినదాన్ని. ఆమె ప్యాకెట్ నా ఒళ్లో పెట్టేసి, దాని మీద నా చెయ్యి కూడా ఆమే పెట్టి, పడిపోకుండా చూసుకో అన్నట్టు తట్టింది. ఆమె చేతులు గరుకుగా ఉన్నాయి, పత్తి ఏరిన చేతులు, గోళ్ల చుట్టూ చీలికలు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను, వద్దమ్మా, నన్ను తాకకు, మంచిగా చూడకు, నేను నీ కొడుకు కోటు విప్పించడానికి వచ్చాను.

చేతులు. ఆ లాబ్ మీటింగ్ తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. సోమవారం మీటింగ్, పొడుగు బల్ల, చివర్న పరుశురాం సార్, నేను లేచి గ్రాఫ్ చూపించి ఖాళీ గురించి చెబుతున్నాను, గొంతు వణుకుతోంది, భయంతో కాదు సంతోషంతో, ఆయన చేత్తో ఆపమన్నాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, గా పీక్ సబ్బు, డిటర్జెంట్, కడగంగ మిగిలిన మురికి, కంటామినేషన్ అన్నాడు, కాదు సార్ అన్నాను, ప్రోటీన్ లేకుండా ఉత్త నీళ్లు తూస్తే ఆ పీక్ రావట్లేదు, సబ్బయితే అందులోనూ రావాలి కదా అన్నాను, అక్కడ ఆపాల్సిందేమో, ఆయన మాటకు ఎదురు మాట, అందులోనూ నేను. అప్పుడన్నాడు. "రాజశ్రీ, నువ్వసలు చేతులు కడుక్కుంటవా? మీ ఇంట్ల ఎట్ల నడుస్తదో నాకు తెల్వది. నా లాబ్‌ల మాత్రం శుభ్రం ఉండాలె." బల్ల చుట్టూ ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత ఇంకొకరు, తర్వాత అందరూ. మీ ఇంట్ల. ఆ మాట అక్కడెందుకొచ్చింది, గ్రాఫ్‌కూ మా ఇంటికీ ఏమిటి సంబంధం, ఎవరికీ చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు, మా ఇంటిపేరు తెలుసు, మా నాన్న పేరు యోహాను అని తెలుసు, ఊళ్లో మా ఇళ్లు ఏ దిక్కున ఉండేవో తెలుసు. ఆ నవ్విన వాళ్లలో అప్పుడే కొత్తగా చేరిన దివాకర్ ఉన్నాడో లేదో నాకు గుర్తు లేదు. ఉన్నాడనే అనుకున్నాను, అలా అనుకోవడమే నాకు సుఖం.

మా నాయనమ్మ రాములవ్వ లాలాపేట్‌కు వచ్చాక ఎప్పుడూ దోసిలి పట్టి నీళ్లు తాగలేదు. వీధి పంపు ముందు నిలబడి, పంపు ధారగా కారుతున్నా, ఎండకు నాలుక పిడచగట్టుకుపోతున్నా, గిలాస తేపో అని నన్ను ఇంట్లోకి తరిమేది, అవ్వా, చేతుల్తో తాగొచ్చు కదే అంటే, తాగిన బిడ్డా, నా వయసంత తాగిన, ఇగ తాగ అనేది. ఊళ్లో ఆసాముల ఇంటి ముందు వంగి దోసిలి పడితే వాళ్లు చెంబు తగలకుండా పైనుంచి పోసేవారట, దోసిట్లో పట్టినంతే తాగాలి, కారిపోయింది కారిపోయినట్టే. నాకా రోజు మీటింగ్ నుంచి బయటికొచ్చి తార్నాక చౌరస్తా దాకా నడుస్తూ ఆ దోసిలే గుర్తొచ్చింది, ఏడుపు రాలేదు, దోసిలే వచ్చింది, రోడ్డు పక్కన నిలబడి నా రెండు చేతులు దగ్గర పెట్టి చూసుకున్నాను, దోసిలి పట్టిన చేతులు పిడికిలి కన్నా పెద్దగా కనపడతాయి, చేతుల బరువు మాత్రం మారదు, బరువు పెరిగిందంటే దోసిట్లో ఏదో ఉన్నట్టు. ఇంత తేలిక విషయం. మా రాములవ్వకు చెబితే అర్థమయ్యేది. శాలువాలు కప్పించుకున్న పెద్దమనిషికి అర్థం కాలేదా, కాకేం, అయ్యే ఉంటుంది, అర్థమైంది కాబట్టే నా గ్రాఫ్ వదిలేసి నా చేతుల మీద పడ్డాడు. ఆటోలు హారన్లు కొడుతున్నాయి, ఒక ఆయన బిచ్చం అడుగుతున్నాననుకుని దోసిట్లో ఏదో వేయబోయాడు, చేతులు చటుక్కున విడదీశాను.

తర్వాత నేను ఎన్నిసార్లు చేశానో. గాజు సామాన్లు కొత్తవి తెచ్చుకుని, మరిగే నీళ్లతో నేనే కడిగి, సబ్బు ముట్టకుండా, ప్రోటీన్ కొత్తగా తయారుచేసి, అదే పక్క పీక్, అదే చోట, బుద్ధిగా కూర్చుని ఉండేది, నన్ను నమ్మే ప్రాణి అదొక్కటే అనిపించేది. చూపించబోతే ఆయన తల ఎత్తేవాడు కాదు. ఒక రోజు మిషన్ గది తాళం మార్చారు. ఒక రోజు నా టాపిక్ మార్చారు. ఒక రోజు కమిటీ ముందు, ఈ అమ్మాయికి చేతిపనిలో శుభ్రత లేదు, రీసెర్చికి పనికిరాదు అని చెప్పాడు, కమిటీలో ఉన్న పెద్దలంతా అయ్యో అన్నట్టు మొహాలు పెట్టి తలలూపారు, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ గ్రాఫ్ అడగలేదు. ఇంటికి వెళ్లి చేతులు కడుక్కున్నాను, మళ్లీ కడుక్కున్నాను, చర్మం ఊడి మండేదాకా కడుక్కున్నాను, మా అమ్మ వచ్చి పంపు కట్టేసి నా చేతులకు కొబ్బరినూనె రాసింది. ఆ రాత్రి పగ పుట్టింది. దాన్ని నేను పెంచుకున్నాను, పెట్టాల్సిన వేళకు పెట్టి పెంచుకున్నాను. తార్నాక సిగ్నల్ దగ్గర ఆయన కారు ఆగడం చూసిన ప్రతిసారీ ఇప్పుడు లారీ వస్తే అనుకునేదాన్ని, తర్వాత వద్దనిపించేది, లారీ కింద పడితే ఆయనకు తెలియదు కదా, తెలియాలి, నిండు సభలో తెలియాలి, నాకు ఎక్కడ తెలిసిందో అక్కడే తెలియాలి. అందుకే కంపెనీలో అదే మిషన్ పని పట్టుకున్నాను, రోజూ అణువులు తూస్తాను, ఇప్పుడా మిషన్‌కు నేనే ఇంచార్జిని, నా చేతుల మీద అనుమానం ఉన్నవాడు అక్కడ ఎవడూ లేడు.

"మావోడు వారం సంది నిద్ర పోతలేడు బిడ్డా," స్వరూపమ్మ చెవి దగ్గరకు వంగింది. "ఏందిరా అంటే చెప్పడు. పొద్దున బువ్వ తినుకుంట ఏమన్నడో ఎరికేనా? అమ్మా, ఎవలన్న ఒక్క ప్రశ్న అడిగితే బాగుండు అంటుండు. అడిగితే మంచిదేనా, బిడ్డా? అడగకుంటె పాసు చెయ్యరా?"

"అడిగేటోల్లు అడుగుతరమ్మా," అన్నాను. "ఫికర్ చెయ్యకు."

ఒక్క ప్రశ్నే కావాలట, ఇస్తాను, అదే తెచ్చాను. కానీ ఈమె ఎందుకు నా పక్కనే కూర్చోవాలి, ఇన్ని కుర్చీలుండగా, ఈ పత్తి చేతులు, ఈ సమోసా, కాసేపట్లో కొడుకు నోట మాట రాక నిలబడితే ఈమె ఏమని అర్థం చేసుకుంటుంది, నా వైపే తిరిగి, ఏమైంది పెద్దక్కా అని అడుగుతుంది. అడగనీ. మా నాన్న కూడా అడిగాడు, ఏమైంది బిడ్డా, వైవా ఎప్పుడు అని, ఆయనకెవరు జవాబు చెప్పారు. తప్పుడు జంట మీద థీసిస్ కట్టినవాడు కట్టినందుకు అనుభవించాలి, నా కుర్చీ, నా సీసాలు, నా ప్రోటీన్. జాలి చూపించే ముందు ఎవరైనా నా మీద చూపించి ఉండాల్సింది. నేను కిటికీ వైపు తిరిగాను, బయట చెట్ల కింద బైకులు, ఎవరో జిరాక్స్ కాయితాలు పట్టుకుని పరిగెడుతున్నారు, ఎండ బాగా ఎక్కింది.

వచ్చింది. హాలంతా లేచి నిలబడింది, ప్రొఫెసర్ సుబ్బలక్ష్మి, పొట్టి మనిషి, నేత చీర, భుజాన సంచి, ట్రాఫిక్ గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా వచ్చి పరుశురాం పక్కన కూర్చుని, మొదలుపెట్టు నాయనా అంది. దివాకర్ మొదలుపెట్టాడు. బాగానే చెబుతున్నాడు, గొంతు కూడా వణకట్లేదు, కాలమ్ వచ్చింది, ఒకటిన్నర వచ్చింది, అక్కడ ఒక్క క్షణం ఆగినట్టనిపించింది, కాబట్టి జంట అన్నాడు, పరుశురాం మెడ తృప్తిగా ఊగింది. ఒక్కో స్లైడ్ దాటుతుంటే నా ప్రశ్నను మనసులో మళ్లీ చదువుకుంటున్నాను, చివరికి థాంక్యూ అన్న స్లైడ్, పూల బొమ్మ, చప్పట్లు. సుబ్బలక్ష్మి మేడమ్ రెండు మూడు అడిగింది, చెప్పాడు. హాల్లో ఇంకెవరైనా అడుగుతారా అంది. ఎవరూ అడగరు, ఎప్పుడూ అడగరు, అందరికీ సమోసాల మీదే ధ్యాస, పరుశురాం అప్పుడే లేవబోతున్నాడు. నేను లేచాను. ఒళ్లో ప్యాకెట్ కింద పడబోతే స్వరూపమ్మ పట్టుకుంది.

"ఈ ప్రోటీన్‌ను యాసిడ్ కలపకుండా, విప్పకుండా, మెత్తగా తూచి చూశారా?"

మెడ తిరిగింది. అబ్బ, ఆ మెడ తిరగడం. ముందు ఎవరో అన్నట్టు చూశాడు, తర్వాత గుర్తుపట్టాడు, మొహం మీద రంగు దిగడం చివరి వరస దాకా కనపడింది. "మేడమ్, ఈమె మా దగ్గర డిస్‌కంటిన్యూ అయిన స్టూడెంట్, ఏదో పర్సనల్..." అంటూ లేచాడు. "కూచోండి పరుశురాం గారు," అంది సుబ్బలక్ష్మి మేడమ్, "ఓపెన్ వైవా కదా. అబ్బాయి చెబుతాడు." నేను దివాకర్ వైపు చూశాను, పడిపో, ఇప్పుడు పడిపో అనుకుంటూ చూశాను. అతను పడిపోలేదు. బావిలో ఉన్నవాడికి తాడు అందినట్టు ఊపిరి వదిలాడు. నా వైపు చూసి, పక్కకు తిరిగి, లాప్‌టాప్ మీద వేలు పెట్టి, థాంక్యూ స్లైడ్ దాటించాడు.

థాంక్యూ తర్వాత కూడా స్లైడ్లుంటాయి. వైవా చేసినవాళ్లందరికీ తెలుసు, ఎవరైనా అడిగితే చూపించడానికి వెనక దాచుకుంటారు, గైడ్‌లు అక్కడిదాకా చూడరు. అక్కడ నా గ్రాఫ్ ఉంది, మిషన్‌లో మిగిలిపోయిన నా ఫైలు తీసినట్టున్నాడు. నా పెద్ద పీక్, దాని పక్కన బుద్ధిగా నా చిన్న పీక్, కింద నా పేరు, రాజశ్రీ, పూర్తిగా. దాని పక్కనే ఇంకో గ్రాఫ్, దివాకర్‌ది, కవలల్లా ఉన్నాయి రెండూ. నాకప్పుడు తెలిసింది ఆ నోటీసు ఎవరు పంపారో, వారం నుంచి నిద్రపోకుండా ఎవరి ప్రశ్న కోసం కూర్చున్నాడో. తనంతట తాను చూపిస్తే గైడ్ మీద తిరగబడ్డట్టు, థీసిస్ ఆగిపోతుంది, అడిగితే మాత్రం చెప్పక తప్పదు, ఆ అడిగే నోరు కావాలి వాడికి, నన్ను వెతుక్కున్నాడు. నేను వాడి మీదికి విసరడానికి తెచ్చిన రాయిని వాడు చేత్తో పట్టుకుని ముందు వరస మధ్య కుర్చీ వైపు తిప్పాడు. తెలివైనవాడు. నాకు కోపం రాలేదు, రాయి తగలాల్సిన చోటికే పోతోంది.

"తూచినం మేడమ్," అన్నాడు దివాకర్, "జంట కాదు, ఒక్కటే. లోపల ఖాళీ ఉన్నది, అందుకే కాలమ్‌ల పెద్దగ కనవడుతది. ఆ ఖాళీల ఒక ఫాటీ యాసిడ్, అంటే కొవ్వు అణువు, ఉన్నది. ఇది మొదలు చూసింది రాజశ్రీ మేడమ్."

"అది కంటామినేషన్," పరుశురాం గొంతు చీలింది, "గ్లాస్‌వేర్ సరిగ్గ కడగలే గప్పుడు. ఈమె చేతులు..."

"నేను మళ్ల చేసిన సార్. వేరే గ్లాస్‌వేర్. నా చేతులతోని గూడ గదే వచ్చింది."

సుబ్బలక్ష్మి మేడమ్ లేచి తెర దగ్గరికంటా వెళ్లి, కళ్లద్దాలు పైకెత్తి రెండు పీకులు చూసింది, ప్రోటీన్ లేని నీళ్ల గ్రాఫ్ అడిగింది, అందులో ఏమీ లేదు, యాసిడ్ పోసిన గ్రాఫ్ అడిగింది, అందులో పక్క పీక్ మాయం. తర్వాత ఆమె నెమ్మదిగా తిరిగి అంది, "పరుశురాం గారు, ప్రోటీన్ ఉన్నప్పుడే వచ్చి, యాసిడ్ పోయగానే లేచిపోయే సబ్బు ఏ బ్రాండో చెప్పండి, మేమూ కొంటాం." ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. ఆ నవ్వు నాకు తెలుసు, అదే నవ్వు, ఇన్నేళ్లు నా చెవుల్లో తిరిగిన నవ్వు, ఇప్పుడు వెళ్లి ఆయన మెడ మీద వాలింది, మెడ ఎర్రబడి కాలర్‌లోకి కుంగింది, నేను కళ్లార్పలేదు, ఒక్క తునక కూడా వదలకుండా చూశాను. జాలేమీ కలగలేదు. కలుగుతుందేమోనని లోపల వెతికి చూసుకున్నాను కూడా, లేదు.

డిగ్రీ ఇస్తారు, కానీ థీసిస్ పేరు మారాలి, జంట పోవాలి, ఖాళీ మీద కొత్త అధ్యాయం రావాలి, దాన్ని మొదట కొలిచింది రాజశ్రీ అని అందులో ఉండాలి, అచ్చయిన పేపర్ కూడా సరిదిద్దాలి అని సుబ్బలక్ష్మి మేడమ్ చెప్పేసింది. మార్పులన్నీ సరిగ్గా జరిగాయని గైడ్ సంతకం పెట్టాలి, అదీ రూలే, గైడ్ సంతకం లేకపోతే చెల్లదు, దివాకర్ ఆ మాట విని నా వైపు చూశాడు, నేను తలూపాను. వెనక వరసల్లో ఊరి జనం ఏమీ అర్థం కాక ఒక్కసారి చప్పట్లు కొట్టి దండ తీశారు. "పాసయిండా బిడ్డా?" అని స్వరూపమ్మ నా భుజం పట్టుకుంది. "అయిండమ్మా. మంచిగ అయిండు," అన్నాను. ఆమె ఏడుస్తూ నవ్వుతూ ప్యాకెట్ మళ్లీ నా చేతిలో పెట్టింది, సమోసా చల్లారి గట్టిపడి ఉంది, అక్కడే నిలబడి మొత్తం తిన్నాను, ఇంకొకటి అడిగి తిన్నాను.

వేళ్లకంటిన నూనె కడుక్కుందామని బయటికి వస్తే వరండా చివర పంపు దగ్గర పరుశురాం సార్ ఒక్కడే ఉన్నాడు, చేతులు కడుక్కుంటున్నాడు, చుట్టూ టీ తాగుతున్న వాళ్లు కావాలనే అటు చూడటం లేదు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆయన చెవి వెనక రంగు మరక దగ్గర నుంచి ఇంకా పెద్దగా ఉంది. టీ తాగేవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా అన్నాను.

"చేతులు మంచిగ కడుక్కోండ్రి సార్. నా పేరు మీద సంతకం పెట్టాలె గద."

ఆయన తడి చేతులతోనే వెళ్లిపోయాడు. నేను చేతులు కడుక్కుని, ఆయన వదిలేసి పోయిన పంపు కట్టేసి, స్వరూపమ్మను గిలాసతో మంచినీళ్లు అడిగి కడుపు నిండా తాగాను.